పిడికెడు చోళ్ళ బరువు

నేరేడుపుట్టు, పెదబయలు మండలం
2023 నవంబరు 26

బేబీ,

నీ ఉత్తరం అందింది. పోస్టు మంగ్లు తెచ్చి పొయ్యి దగ్గర పెట్టి పోయాడు. నాలుగు పేజీలు. వయోజన విద్యలో నాకు నేర్పినవి పెద్ద అక్షరాలు. నీవి చీమల బారు. చదవడానికి రెండు రోజులు పట్టింది. ఇక మీద పెద్దగా రాయి.

ఫోను చెయ్యమన్నావు. చెయ్యను. ఇక్కడ సిగ్నల్ కావాలంటే కొండ మీది బండ ఎక్కాలి. నా మోకాలు ఎక్కదు. పైగా ఫోనులో అన్న మాట మర్నాడు అనలేదంటావు. కాగితం మీద ఉంటే తీసి చూపిస్తాను.

నాకు అర్థమైంది రాస్తున్నాను, తప్పుంటే చెప్పు. నువ్వు వంట చేసే మారేడుమిల్లి క్యాంపుకు పట్నం వాళ్ళు వస్తారు. వాగులో మోకాలి లోతు దిగుతారు. గాలానికి ఎర గుచ్చరు, కోడి ఈక కట్టి అదే ఈగ అని చేపను నమ్మిస్తారు. దాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారు. పట్టిన చేపను వండుకోకుండా మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. ఇంత వరకూ చదివి కాగితం మడిచి కాఫీ తోటలోకి వెళ్ళిపోయాను. ఆడుకోవడానికి చేప ఏమైనా కుక్కపిల్లా?

తిరిగొచ్చి మిగతాది చదివాను. వాళ్ళ నల్ల కార్బన్ కర్రలు బిర్రుగా ఉన్నాయి, చిన్న వాగులకు పనికి రావడం లేదు. చివర నుంచి చేతి దాకా నెమ్మదిగా వంగే మెత్తని కర్రలు కావాలి. వెదురువి కొనాలా, ఫైబర్ గ్లాసువి కొనాలా అని వాళ్ళు ఆలోచిస్తుంటే, గరిటె పట్టుకున్నదానివి గరిటె పట్టుకుని ఉండక, మా బావ చేస్తాడు, పెదబయలు సంతలో ఆయన కర్రలంటే పేరు అని అందరి ముందూ మాట ఇచ్చేశావు. వచ్చే అక్టోబరుకు మూడు కర్రలు. అవి నచ్చితే ఇక అన్నీ మన కొండ వెదురువే. నచ్చకపోతే ఫైబర్ గ్లాసు పెట్టెలు దిగుతాయి.

నన్ను అడిగి ఇచ్చావా ఆ మాట?

నలభై ఏళ్ళుగా కర్రలు చేస్తున్నాను. నా కర్ర చేపను లాగితే చేప గట్టు దాటి పొదలో పడాలి. మెత్తని కర్ర ఆడవాళ్ళ కర్ర. వంగేదాన్ని కర్ర అనరు, చిక్కుడు తీగ అంటారు. కావాలంటే గట్టివి మూడు చేసి పంపుతాను. వెదురు మొన్న అమావాస్య ముందు చీకటి రోజుల్లోనే కొట్టి ఉంచాను, పురుగు పట్టదు.

కాఫీ పండు ఈసారి ఆలస్యం. నల్ల మేక ఈనింది, రెండు పిల్లలు.

ఇట్లు,
కర్రల సోంబరు


మారేడుమిల్లి
2023 డిసెంబరు 10

బావకు బేబి వందనాలు.

ఇదిగో, పెద్దగానే రాస్తున్నాను. కాగితాలు ఎక్కువైతే నన్ను అనకు.

పిల్లలు రెండూ ఆడవేనా? ఈనిన మేకకు ఉడికించిన చోళ్ళు పెట్టు. అక్క అలాగే పెట్టేది. మొన్న ఆ చోళ్ళతోనే అంబలి కాస్తే ఇక్కడ వాళ్ళు, అబ్బో రాగి జావ అంటూ ఫొటోలు తీసుకున్నారు. వెదురు బొంగుల్లో కోడిమాంసం కుక్కి కాల్చడం నా రోజు పని. మసి గోళ్ళలోంచి పోవడం లేదు.

బావా, నువ్వు కోపంగా చదివి సగం వదిలేశావు. మళ్ళీ చెప్తాను. ఈ గాలానికి గుండు ఉండదు. ఈక బరువు ఎంత? ఏమీ ఉండదు. దాన్ని దూరంగా తీసుకుపోయేది లైను బరువే. పెద్ద ఏటిలో అయితే ముప్పై అడుగుల లైను గాలిలో ఆడుతుంది, ఆ బరువుకు బిర్రు కర్ర కూడా వంగి విసురుతుంది. మా వాగులు నీకు తెలుసు. పైన కొమ్మలు, పక్కన బండలు. పది అడుగులకు మించి విసిరే చోటు లేదు. పది అడుగుల లైను బరువు బిర్రు కర్రకు తెలియనే తెలియదు. అది వంగదు, లైను ముద్దగా ముందే పడుతుంది. మెత్తని కర్రకు ఆ కొంచెం బరువూ తెలుస్తుంది. వెనక్కి వంగి, ఒక్క క్షణం ఆగి, నిదానంగా తీసుకెళ్ళి పెడుతుంది. చేప తగిలినా వెంట్రుకంత దారం తెగదు, ఆ గుంజుడు కర్రే తీసుకుంటుంది. ఇదంతా మాకు గైడు తేజ చెప్పాడు. మైదానం వాడే గానీ నోరు జారడు, గుంటడు నెమ్మదస్తుడు.

అతను చెప్తుంటే నాకు అక్కే కనబడింది. మన గెడ్డలో వెదురు డొంక కింద చతికిలబడి, చెయ్యి కదిలిందో లేదో తెలియకుండా బేడిస చేపలు తీసేది. కర్ర పిడి దాకా వంగి మళ్ళీ లేచేది. అది నువ్వు చేసిన కర్రే కదా. అలాంటివే సంతలో అమ్మావు కదా. అవే మూడు చెయ్యి. పొదలో పడేసేవి వద్దు.

నీకు మెత్తనివి పడవు, మాటైనా కర్రైనా. అది నాకు తెలుసు. ఈ ఒక్కసారికి ఓర్చుకో.

నీ మరదలు,
బేబి


నేరేడుపుట్టు
2024 జనవరి 2

బేబీ,

మూడు కర్రలు పాడేరు బస్సు డ్రైవరుకు ఇచ్చి పంపాను. గోనె చుట్టాను. గోనె వెనక్కి పంపు.

గుల్ల లేని వెదురు ఏరి చేశాను. చివర నీళ్ళ బిందె కట్టి లేపాను, కర్ర చలించలేదు. మీ వాళ్ళకు చూపించి ఈ బిందె మాట చెప్పు. నెమ్మది, నెమ్మది అని రాశావు. నెమ్మదిగా వంగే కర్ర చేత్తో పట్టుకుంటే నాకు దిగులు పుడుతుంది. చేప తగిలింది అనుకునే లోపు అది పోతుంది.

మీ ఊళ్ళో వెదురుకు కోడిని కుక్కడం తప్ప పని లేదు. వెదురు సంగతి నాకు చెప్పకు.

పిల్లల్లో ఒకటి మగది. చోళ్ళు పెట్టాను.

కర్రల సోంబరు


మారేడుమిల్లి
2024 జనవరి 20

బావకు,

గోనె వేరే పంపుతున్నాను, భద్రంగా ఉంది. కర్రల గురించి ఏం చెప్పమంటావు?

తేజ వాటికి రింగులు కట్టి, రీలు బిగించి, వాగుకు తీసుకెళ్ళాడు. ఓనరు వచ్చాడు, గెస్టులు నలుగురు వచ్చారు, నేను కూడా పొయ్యి ఆర్పి వెళ్ళాను. తేజ మొదటిసారి విసిరితే లైను అతని టోపీ మీదే పడింది. రెండోసారి చెవికి చుట్టుకుంది. ఒకామె నవ్వింది. మూడోసారి కర్ర నాకు ఇచ్చి, "నువ్వే సూడు పిన్నీ, గడ్డపార ఊపినట్టుంది" అన్నాడు. నిజంగానే అలా ఉంది. బిందె మాట నేను ఎత్తలేదు. వాటిలో రెండు ఇప్పుడు టమాటా మొక్కలకు ఊతం. మూడోదాని మీద నా చీర ఆరుతోంది.

ఎందుకు బావా ఈ పంతం? మెత్తవి చెయ్యమని రెండు ఉత్తరాలు రాశాను. చేతనైన పని. సంతలో ఎన్ని అమ్మలేదు? అడిగింది నేను కాబట్టి చెయ్యకూడదని ఉందా? అక్క పోయాక పెద్దదినానికి రాలేదన్న కోపం ఇంకా ఉందా? ఆ రోజు ఘాటు రోడ్డు మీద కొండ జారింది. రెండు రోజులు బస్సులో కూర్చున్నాను. అది నువ్వు నమ్మలేదని నాకు అప్పుడే అనిపించింది.

తేజ మంచివాడు కాబట్టి తన సొంత ఫైబర్ గ్లాసు కర్ర నీకు పంపుతున్నాడు. పసుపు రంగుది, రెండు ముక్కలు, కలిపితే ఏడడుగులు. చేత్తో పట్టుకుని ఊపి చూస్తే వంపు ఎలా ఉండాలో పెద్దాయనకు ఇట్టే తెలుస్తుంది అన్నాడు. అది అతనికి పని నేర్పిన గురువు ఇచ్చింది. చూసి, చెయ్యి పట్టాక వెనక్కి పంపు. జాగ్రత్త.

బేబి


నేరేడుపుట్టు
2024 మార్చి 3

బేబీ,

పసుపు కర్ర వెనక్కి పంపుతున్నాను. అది మంచి కర్ర కాదు.

రాగానే ఊపి చూశాను. వంగింది. వాసన చూశాను, కొత్త ప్లాస్టిక్ బిందె వాసన. కొరికి చూశాను, రుచి లేదు. కొత్తగా ఇంటికి వచ్చిన ఏ కర్రనైనా ఎలా చూసుకోవాలో అలాగే చూసుకున్నాను. పొయ్యి మీది అటక మీద పొగకు పెట్టాను. నెల రోజులు పొగ తాగితే ఏ కర్రైనా గట్టిపడుతుంది, తడి పీల్చదు, పురుగు ముట్టదు. పరాయి వాడి వస్తువు కాబట్టి పొగ బాగా తగిలే నడిమి చోటు ఇచ్చాను. నా కర్రలు పక్కకు జరిపాను.

మొన్న తీద్దామంటే రాలేదు. అటక గడ్డికి అతుక్కుంది. పైన పూసింది బుడగలు బుడగలుగా లేచింది. దారాలు ఊడి రింగులు పొయ్యిలో పడ్డాయి. రెండు వెతికి తీశాను, మూడోది దొరకలేదు. కర్ర కొడవలిలా వంగింది, మళ్ళీ లేవలేదు.

పొగకు ఓర్చుకోని దాన్ని కర్ర అని ఎవరన్నారు? అలాంటివి పెట్టెలకు పెట్టెలు తెప్పిస్తామంటున్నారు మీ వాళ్ళు. వాన తగిలితే ఏమవుతాయో అడుగు.

పెద్దదినం సంగతి ఎత్తకు. నాకు ఆ కోపం ఉందని నేను రాశానా? కాగితం తీసి చూసుకో.

కర్రల సోంబరు


మారేడుమిల్లి
2024 మార్చి 15

బావా,

నీ మూట నేనే విప్పాను. విప్పకుండా ఉంటే బాగుండేది.

తేజ ఆ వంకర కర్ర తీసుకుని వాగు గట్టున కూర్చున్నాడు. సాయంత్రం అన్నానికి రాలేదు. నేను పళ్ళెం తీసుకెళ్తే, "పెద్దాయన మంచికే పెట్టాడు పిన్నీ" అన్నాడు. తిట్టి ఉంటే నాకు నయంగా ఉండేది. నీ దగ్గర నుంచి మాత్రం క్షమించమన్న ముక్క ఒక్కటి లేదు. తప్పు కర్రదట.

ఓనరు ఇంక చాలు, ఫైబర్ గ్లాసువి ఆర్డరు పెట్టేస్తాను అన్నాడు. అవి గెస్టులు బండకు కొట్టినా విరగవు, ఎండావానా చూడవు, ఒకటి పోతే అలాంటిదే ఇంకొకటి వస్తుంది అన్నాడు. ఒక్కటీ కాదనలేకపోయాను. వెదురుది చేతిలో ప్రాణం ఉన్నట్టు ఉంటుందని తేజ అన్నాడు గానీ, చూపించడానికి ఒక్క కర్ర ఉంటే కదా. వంటమనిషిని మాట ఇచ్చినందుకు ఇప్పుడు అందరూ నన్ను చూసి నవ్వు ఆపుకుంటున్నారు. అక్టోబరు దాకా ఆగమని మళ్ళీ బతిమాలాను.

చేతకాకపోతే చేతకాదని రాయి. చేతనై చెయ్యకపోతే మాత్రం నేను మర్చిపోను. అటక మీద అక్క కర్ర ఏదో ఒకటి ఉండాలి. అది పంపు. తేజ చూసుకుంటాడు.

బేబి


నేరేడుపుట్టు
2024 ఏప్రిల్ 9

బేబీ,

మీ అక్క చేతి కర్ర ఆమెతోనే పంపేశాం. ఆమె వస్తువులు ఆమెతో పోవాలి. నువ్వు ఉంటే చూసేదానివి.

అటక మీద ఏమీ లేదు.

నాకు చేతకాదు అన్నవాడు ఈ మండలంలో ఇంత వరకూ పుట్టలేదు. నువ్వు మొదటిదానివి. ఇటుకల పండుగకు ఊరంతా అడవికి వేటకు వెళ్ళింది. నేను మోకాలి వల్ల ఇంట్లో కూర్చుని నీ ఉత్తరం చదువుతున్నాను. ఇక రాయకు.

సోంబరు


నేరేడుపుట్టు
2024 జూలై 14

బేబీ,

నువ్వు రాయలేదు. రాయవద్దు అన్నాను కాబట్టి రాయలేదు. నేను రాస్తున్నాను. ఇది నాలుగోసారి మొదలు పెట్టడం. మూడు కాగితాలు పొయ్యిలో వేశాను.

వాన పట్టుకుని వారం అయింది. గెడ్డ దాటే దారి లేదు. మంగ్లు వచ్చేదాకా ఇది చూరులో ఉంటుంది. మనసు మార్చుకుని మళ్ళీ పొయ్యిలో వెయ్యకుండా ఉంటే నీకు అందుతుంది.

అటక మీద ఏమీ లేదని రాశాను. ఉంది.

ఆ మెత్తని కర్రలు నేను చెయ్యలేదు. మీ అక్క గెంగ చేసింది.

అన్నీ ఆమే చేసింది. నేను చేసినవి నీకు పంపినలాంటివే. వాటిని సంతలో ఎవరూ ముట్టుకునేవారు కాదు. పెళ్ళైన రెండో ఏడు ఆమె తన కోసం చేసుకున్న రెండు కర్రలు నా కట్టలో పెట్టింది. ఒక మాస్టారు వచ్చి నావన్నీ పక్కకు తోసి వాటిలో ఒకటి తీసి ఊపాడు. చాలాసేపు ఊపాడు. "ఇది నువ్వే సేసినావేటి?" అని అడిగాడు. గెంగ నా వెనక పసుపు కొమ్ముల బుట్ట దగ్గర కూర్చుని ఉంది. నేను అవునన్నాను. ఎందుకు అన్నానో నాకు తెలియదు. నోటి దగ్గర ఉంది, అన్నాను. ఇంటికి నడిచేటప్పుడు ఆమె, "ఔనన్నావు కదా, ఇంక ఔననే సెప్పు. మాట మారిస్తే నవ్వుతారు" అంది. కోపంగా అనలేదు. తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కర్రల సోంబరు అని జనమే పిలవడం మొదలు పెట్టారు. పిలుస్తుంటే బాగుండేది.

నువ్వు పెద్దదినానికి రాలేదని నాకు కోపం లేదు. రాలేదని ఊపిరి పీల్చుకున్నాను. వస్తే గుర్తుకు ఒక కర్ర చేసి ఇమ్మంటావని భయం. ఇప్పుడు దూరం నుంచే అడిగావు.

ఆమె ఎలా చేసేదో నేను చూడలేదు. ఒకే ఇంట్లో ఉండి చూడలేదు. పొయ్యి వెనక కూర్చుని చిన్న కత్తితో గీస్తూ ఉండేది. పొయ్యి వెనక పని చూసేదేముంది అని నేను వాకిట్లో కూర్చునేవాడిని.

అటక మీద ఉన్నది ఆమె చివరి కర్ర. సగం గీసింది. అప్పటికే జ్వరం. చివర చిన్న గుడ్డ మూట కట్టి ఉంది. నువ్వు అక్క కర్ర పంపమని రాశాక దాన్ని దించాను. మూటలో చోళ్ళు. ఎలకలకు అందకుండా దాచిన విత్తనం అనుకున్నాను. ముక్కిపోయాయి. కోళ్ళకు వేశాను. ఆ తర్వాతే నీకు ఏమీ లేదని రాశాను.

రెండు రోజుల తర్వాత పొయ్యి దగ్గర స్తంభానికి వీపు ఆనించి కూర్చుంటే ఏదో గుచ్చుకుంది. తడిమి చూశాను. కత్తితో పెట్టిన గంటు. దానికి పైన, కర్ర పిడి దూర్చేటంత కన్నం. అప్పుడు గుర్తొచ్చింది. ఒకసారి ఆమె కర్ర పిడిని ఆ కన్నంలో బిగించి, బుట్టలోంచి పిడికెడు చోళ్ళు తీసి మూట కట్టి కర్ర చివర వేలాడదీసింది. గాలం కర్రకి ఇత్తనాలు ఎందుకే అని నవ్వాను. "బరువు సూత్తన్నాను. ఈ పిడికెడుకి గంటు ఎత్తు దాకా వొంగితే సాలు, ఇంక గియ్యకూడదు" అంది. నేను నవ్వుతూనే బయటికి పోయాను. అది వినడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

అప్పటి నుంచి రెండు కర్రలు గీశాను. పిడికెడు చోళ్ళు కట్టాను, గంటు దాకా వంగే వరకూ గీసి ఆపాను. ఊపి చూస్తే ఇంకా బిర్రుగానే ఉన్నాయి. చివర ఆడుతుంది, పిడి దగ్గర ఏమీ తెలియదు. ఎందుకో అర్థం కాలేదు. రోజూ తిట్టుకున్నాను. పోల్చుకోవడానికి మీ పసుపు కర్ర ఉంటే బాగుండేది, దాన్ని నేనే కాల్చాను. నిన్న అంబలికి చోళ్ళు తీస్తూ నా చెయ్యి చూసుకున్నాను. నా పిడికిలిలో ఆమె పిడికిళ్ళు రెండు పడతాయి. బరువు ఎక్కువైంది. ఎక్కువ బరువుకు బిర్రు కర్ర కూడా గంటు దాకా వంగుతుంది.

ఆమె కట్టిన మూట కోళ్ళు తిన్నాయి. ఆమె సగం గీసిన కర్ర ఒక్కటే ఉంది. దాన్ని ఇంకా ముట్టుకోలేదు. ఒక్క గీత ఎక్కువ పడితే మళ్ళీ అతకదు.

మీ ఇద్దరి చేతులూ ఒక్కలాగే ఉండేవి. గాజులు మార్చుకునేవారు. పిడికెడు చోళ్ళు మూట కట్టి పంపు.

తేజ అనే అతనికి చెప్పు. కర్రది కాదు తప్పు.

సోంబరు


మారేడుమిల్లి
2024 ఆగస్టు 4

బావా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి నిన్ను తిట్టాను. ఎదురుగా లేవు కాబట్టి ఉల్లిపాయలకు తగిలింది.

అక్క చేతికి ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉండేది. అడిగితే నవ్వేది. ఎడమ చేతి చిటికెన వేలు ముడుచుకునేది కాదు. కోతలో కొడవలి తగిలింది అని నువ్వే అందరికీ చెప్పావు. నేను నమ్మాను. అది కొడవలి కాదు, కర్ర గీసే కత్తి అని ఇప్పుడు నాకు తెలిసింది. నీకు అప్పుడే తెలుసు. మా అక్క వెనక కూర్చుని ఉండగా ముందు కూర్చుని పేరు తీసుకున్నావు. నేను కూడా ఊరూరా నీ పేరే చెప్పాను. క్యాంపులో చెప్పాను. ఆమె పేరు ఎక్కడా చెప్పలేదు. ఆ తప్పులో నాకూ వాటా పెట్టావు.

ఇంకో మాట. జూన్‌లోనే ఫైబర్ గ్లాసు కర్రలు వచ్చేశాయి. పన్నెండు, ఆకుపచ్చవి. అబద్ధం ఎందుకు, బాగానే ఉన్నాయి. మెత్తగా వంగుతున్నాయి, పది అడుగుల్లో ఈకను నీళ్ళ మీద అద్దినట్టు పెడుతున్నాయి. నేను కూడా ఒకదానితో బేడిస పట్టాను. వదిలేశాను కూడా, తిట్టుకో. ఓనరుకు ఇక వెదురు అక్కర్లేదు. నా మాట పోయింది. నువ్వు మార్చిలో ఈ ఉత్తరం రాసి ఉంటే పోయేది కాదు.

తేజకు నీ ఉత్తరం చదివి వినిపించాను. చెప్పకుండా చదివాను, అదీ తిట్టుకో. అతను అంతా విన్నాడు. తర్వాత, "ఆమె గీసింది ఒక్కటి వస్తే నా సేతికి ఉంచుకుంటాను పిన్నీ. గెస్టులకి ఇవ్వను" అన్నాడు.

చోళ్ళు పంపుతున్నాను. వంటగదిలో కాటా ఉంది గానీ దాని జోలికి పోలేదు. కళ్ళు మూసుకుని అక్క తీసినట్టు ఎడమ చేత్తో తీశాను. ఆమె చిటికెన వేలు మూతపడదు కదా, పక్క నుంచి కొన్ని గింజలు రాలిపోయేవి. నేనూ ఆ వేలు తెరిచే పట్టాను. రాలినవి రాలనిచ్చాను. గుడ్డ నా పాత చీరది, పలచన, బరువు ఉండదు. కోళ్ళకు వెయ్యకు.

కర్ర అయితే దాని మీద అక్క పేరు ఉండాలి. కాల్చి రాయి, పొగకూ నీళ్ళకూ పోకూడదు. నీ పేరు ఉంటే వాగులో పారేస్తాను.

బేబి


నేరేడుపుట్టు
2024 అక్టోబరు 6

బేబీ,

నీ మూట అందాక పది రోజులు దాన్ని చూస్తూ కూర్చున్నాను. తర్వాత కట్టాను. కర్ర గంటుకు జానెడు పైన ఆగింది. అక్కడి నుంచి రోజుకు నాలుగు గీతలు గీశాను. గీసి, కట్టి, చూసి, పక్కన పెట్టి, మర్నాడు మళ్ళీ. వాకిట్లో కాదు, పొయ్యి వెనకే కూర్చున్నాను. ఆ కన్నంలో పెట్టి చూడాలంటే అక్కడే కూర్చోవాలి. అక్కడి నుంచి వాకిలి కనబడుతుంది, వాకిట్లో ఎవరు కూర్చున్నారో బాగా కనబడుతుంది. అది నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

వేలు రెండుసార్లు తెగింది. గుడ్డ చుట్టుకున్నాను.

మొన్న బుధవారం మూట సరిగ్గా గంటు ఎత్తుకు దిగింది. కత్తి అక్కడే కింద పెట్టేశాను.

గెడ్డ దాకా కర్ర ఊతంగా నడిచాను, వేరే కర్ర, నా బిర్రుది. ఆ పనికి అది బాగుంది. వెదురు డొంక కింద కూర్చుని ఈ కర్రకు దారం కట్టి, చివర కోడి ఈక కట్టి విసిరాను. మొదటి రెండుసార్లు నా మీదే పడింది. మూడోసారి నేను చెయ్యి ఆపేశాను. కర్ర వెనక్కి వంగింది. నేను ఊరుకున్నాను. పిడి దగ్గర ఏదో మెల్లిగా నెట్టినట్టు తెలిసింది, అప్పుడు కదిపాను. ఈక వెళ్ళి బండ పక్కన నీళ్ళ మీద కూర్చుంది. బేడిస కొట్టింది. వేలెడు చేప. అది గింజుకోవడం అంతా నా అరచేతిలో తెలిసింది. నా కర్రల్లో నలభై ఏళ్ళలో ఒక్క చేప కూడా అలా తెలియలేదు. చేపను కూర వండుకున్నాను. వదలలేదు.

కర్ర పంపుతున్నాను. తేజకు, అతని పసుపు కర్రకు బదులు. బదులు కాదని నాకు తెలుసు. రింగులు అతన్నే కట్టుకోమను. వంకర వస్తే సన్నని సెగ మీద సవరించుకోమను. దీనికి పొగ పెట్టినా ఏమీ కాదు.

నీ మాట పోయింది నా వల్ల. మీ పన్నెండు ఆకుపచ్చ కర్రలు అలాగే ఉండనీ. నేను మూడు చేస్తానన్నాను, ఒకటే పంపుతున్నాను, అదీ నాది కాదు. చీకటి రోజులు వస్తే వెదురు కొడతాను. ఏమవుతుందో చెప్పలేను. మూట మాత్రం తిరిగి పంపను. ఎలకలకు అందకుండా అదే అటక మీద కట్టాను.

పెదబయలు సంతకు వెళ్ళి చెప్పాను. విన్నవాళ్ళు విన్నారు. ఒక ముసలాయన, ఎప్పుడో ఒక కర్ర కొన్నవాడు, "నాకు తెలుసులే" అన్నాడు. ఎలా తెలుసని అడగలేదు.

పిడి మీద పేరు మేకు కాల్చి రాశాను. వంకరగా వచ్చింది. చూసి నవ్వకండి. వయోజన విద్యలో నా పేరు రాయడం నేర్పారు. అది చాలనుకున్నాను. ఆమె పేరు నేర్పమని అడగలేదు. నీ ఉత్తరంలో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను, నువ్వు అక్క అనే రాస్తావు. చివరికి రేషను కార్డు తీసి, అందులో చూసి, పొయ్యి బొగ్గుతో నేల మీద చాలాసార్లు దిద్దాకే కర్ర మీద పెట్టాను. జూలైలో నీకు రాసినప్పుడు ఆ పేరు తప్పు రాశానని అప్పుడు తెలిసింది. ఆ కాగితం మీద దిద్దుకో.

గంగ మొగుడు,
సోంబరు